డెక్ కింద స్కంక్: కలరా ఉండలు కాదు, నెల చూసి కంత మూయండి

"అమెరికాలో ఉంటున్నాం. డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కింద స్కంక్ (కంపు ద్రవం చిమ్మే, పిల్లి అంత జంతువు) చేరింది. కలరా ఉండలు వేస్తే పోతుందా?" అని అడిగారు.

దయచేసి వేయకండి. ఆరుబయట ఆ వాసన గాలికి చెదిరిపోతుంది. స్కంక్‌కి ఏమీ కాదు, నోట్లో పెట్టుకున్న పిల్లలకో కుక్కకో విషం. డబ్బా మీద రాయని చోట వాడటం అక్కడ చట్టవిరుద్ధం కూడా. అమ్మోనియా గుడ్డలూ రెండు రోజుల ముచ్చటే.

ముందు ఏ నెలో చూసుకోండి. మే, జూన్‌లలో ఈనుతాయి. పిల్లలు తల్లి వెంట బయటికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా కంత మూస్తే తల్లి బయట, పిల్లలు లోపల. అవి అక్కడే చచ్చిపోతాయి. ఇది ఎంత చెప్పినా వినరు, అదే బాధ. ఆగస్టు దాటేదాకా ఆగండి.

తర్వాత పొద్దు గుంకే ముందు కంత ఎదుట రెండడుగుల మేర మైదా పల్చగా చల్లండి. రాత్రి పది దాటాక టార్చి వేసి చూడండి. ముందు పాదం గుర్తులో ఐదు వేళ్ళు, వాటికి కాస్త ఎడంగా గోళ్ళ చుక్కలు కనిపిస్తాయి. అడుగులు బయటివైపే ఉంటే మేతకు వెళ్ళినట్టు. కానీ చలికాలంలో ఒకే బొరియలో నాలుగైదు ఉండొచ్చు. అందుకే కంతకు బయటికి మాత్రమే తెరుచుకునే వల తలుపు బిగించి, మూడు నాలుగు రాత్రులు ఉంచండి. మళ్ళీ మైదా చల్లండి. కొత్త అడుగు పడకపోతేనే మూయాలి.

మూయడానికి అర అంగుళం కన్నుల గాల్వనైజ్డ్ హార్డ్‌వేర్ క్లాత్ (గట్టి ఇనుప తీగల వల) తీసుకోండి. చికెన్ వైర్ (కోళ్ళ గూళ్ళకు కట్టే వల) పల్చన, మట్టిలో తుప్పు పట్టిపోతుంది. డెక్ చుట్టూ అడుగు లోతు తవ్వి (ముందు 811కి ఫోన్ చేసి పైపులు, వైర్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకోండి), వల దింపి, అడుగున ఇంకో అడుగు బయటివైపు మడిచి మట్టి కప్పండి. స్కంక్ అంచు పక్కనే నిలువుగా తవ్వుతుంది, మడత తగలగానే ఆగిపోతుంది. మడత లోపలివైపు పెడితే పని వృథా. పై అంచుని వాషర్లు వేసి స్క్రూలతో చెక్కకు బిగించండి, స్టేపుల్స్ ఊడిపోతాయి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు కాకులకని పెరట్లో పెట్టే అన్నం ముద్ద చీకటి పడకముందే తీసేయాలి, కుక్క గిన్నె కూడా. లాన్‌లో చిన్న చిన్న గరాటు గుంటలు పడుతుంటే గడ్డి వేళ్ళ దగ్గర పురుగులున్నట్టే. వాటి కోసం రోజూ వస్తుంది.

ఎదురుపడితే పరుగెత్తకండి. కాళ్ళు నేలకేసి కొట్టి తోక లేపిందంటే హెచ్చరిక. మెల్లగా వెనక్కి నడవండి. పది పదిహేను అడుగుల దాకా కంపు ద్రవం చిమ్ముతుంది. కుక్క మీద పడితే టమాటా రసం పోయకండి, అది వాసనను కప్పుతుందే గానీ పోగొట్టదు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక క్వార్ట్ (దాదాపు లీటరు), పావు కప్పు బేకింగ్ సోడా, టీస్పూన్ డిష్ సోప్ అప్పటికప్పుడు కలిపి, కళ్ళలో పడకుండా రుద్ది, ఐదు నిమిషాలకు కడగండి. మిగిలింది పారబోయండి. సీసాలో పోసి మూత పెడితే గ్యాస్ పట్టి పగిలిపోతుంది.