నియమాలు మారేలోపు వెళ్లిపోవాలని అప్పు చేయకండి

ప్రశ్న: మాది కావలి. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంటెంటును, నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఇద్దరికీ కలిపి నెలకు 62,000 వస్తుంది. బండి లోను వాయిదాతో సహా ఖర్చు 45,000. బ్యాంకులో 1.50 లక్షలు ఉన్నాయి. వేసవిలో ఇద్దరు పిల్లలతో థాయిలాండ్, సింగపూర్ వెళ్లాలని ఉంది. ప్యాకేజీ 4.20 లక్షలు. వీసా నిబంధనలు, పన్నులు మళ్లీ మారతాయి, ఇప్పుడే బుక్ చేసుకోవాలని ఏజెంటు తొందరపెడితే 10,000 అడ్వాన్సు ఇచ్చాం. నగలపై 1.60 లక్షలు, క్రెడిట్ కార్డు వాయిదాల్లో లక్ష తీసుకుని మిగతాది కట్టాలనుకుంటున్నాం. మీ సలహా?

జవాబు: వద్దు. ఈ పద్ధతిలో వెళ్లకండి.

నియమాలు మారతాయన్న భయంతో తొందరపడి అప్పు చేయడం నేను తరచుగా చూస్తున్న పొరపాటు. నియమాలు మారే మాట నిజమే. అయితే అవి మారినప్పుడు కాపాడేది చేతిలో ఉన్న నగదు. మీరు ముందుగా ఖాళీ చేస్తున్నది దాన్నే.

ఏజెంటు చెప్పిన పన్ను సంగతే చూడండి. విదేశీ ప్యాకేజీలపై టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేటప్పుడే ఏజెంటు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) 2020 అక్టోబరులో 5 శాతంతో మొదలైంది. 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షలు దాటిన భాగానికి 20 శాతం చేశారు. 2025 ఏప్రిల్‌లో ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు. 2026 బడ్జెట్‌లో మొత్తం ఎంతైనా 2 శాతమే అన్నారు. మీ ప్యాకేజీకి 5 శాతమైతే 21,000 కట్టాలి, 2 శాతమైతే 8,400 చాలు. అంటే ఆగినవారికి మేలే జరిగింది. పైగా ఇది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటయ్యే డబ్బు. మీ యాజమాన్యానికి వివరాలిస్తే జీతంలో కోసే పన్నులోనే తగ్గించుకోవచ్చు. దీనికి భయపడి నగలు తాకట్టు పెట్టడమేమిటి?

వీసాలదీ ఇదే తీరు. థాయిలాండ్ 2023 నవంబరులో మనవారికి 30 రోజులు వీసా లేకుండా రానిచ్చింది, 2024 జూలైలో దాన్ని 60 రోజులు చేసింది, 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు (బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) తప్పనిసరి అంది. మలేసియా వీసా మినహాయింపు 2023 డిసెంబరులో మొదలై, పొడిగింపుతో 2026 డిసెంబరు 31 దాకా వచ్చింది. కొన్నిసార్లు సడలిస్తారు, కొన్నిసార్లు బిగిస్తారు. కాబట్టి బుకింగుకు ముందు ఒకసారి, బయలుదేరే వారంలో మరోసారి ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లు చూసుకోవాలి. థాయిలాండ్ కార్డు, సింగపూర్ అరైవల్ కార్డు ఉచితం. వాటికి రుసుము అడిగే సైట్లను నమ్మకండి. సింగపూర్‌కు మనకు వీసా కావాలి. అది చేతికి రాకముందే డబ్బు తిరిగిరాని హోటళ్లకు, టికెట్లకు కట్టడం అప్పు డబ్బుతో జూదమాడటమే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో అత్యవసర నిధి అన్న మాటే లేదు. బ్యాంకులో ఉన్న 1.50 లక్షలను మీరు ప్రయాణం డబ్బు అనుకుంటున్నారు. నా దృష్టిలో అది అత్యవసర నిధి, అది కూడా సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఆరు నెలల ఖర్చు లెక్కేస్తే మీకు 2.70 లక్షలు ఉండాలి. మీ ఉద్యోగం చూస్తే ఇంకా ఎక్కువ ఉన్నా తప్పులేదు. 2025 ఆగస్టులో మన సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మన తీరంలో రొయ్యల రైతులు, ప్లాంట్లు ఎంత కలవరపడ్డాయో మీకు వేరే చెప్పాలా? జీతం రెండు నెలలు ఆలస్యమైతే బడి ఫీజు, బండి వాయిదా, ఇంటి సరుకులు ఎక్కడి నుంచి వస్తాయి? నగలు అప్పటికే తాకట్టులో ఉంటాయి.

అప్పు తీరే లెక్క కూడా చూడండి. మీకు నెలకు మిగిలేది 17,000. కార్డుపై లక్షను ఏడాదిలో తీర్చాలంటే అసలే నెలకు 8,333. దానికి వడ్డీ, ఆ వడ్డీపై జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము తోడవుతాయి. బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలినదానిపై వడ్డీ నెలకు 3.5 శాతానికి పైగా కూడా పడవచ్చు. బంగారం లోను అసలు అలాగే నిలిచి ఉంటుంది, గడువు దాటితే వేలం నోటీసు వస్తుంది. వారం రోజుల విహారానికి మీ ఆవిడ నగలను అంత దూరం తీసుకెళ్లకండి. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మీరు చేయాల్సింది ఇది. బ్యాంకులో ఉన్న 1.50 లక్షలను వేరే ఖాతాలో పెట్టి, మిగిలే 17,000 నెలనెలా అందులోనే వేస్తే ఏడు నెలల్లో దాదాపు 2.70 లక్షలు అవుతాయి. ఆ ఖాతాను ప్రయాణానికి ముట్టుకోకూడదు. తర్వాత ఏడాది పాటు అదే మొత్తం రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రెండు లక్షలు దాటుతుంది. ఆ డబ్బుకు సరిపడేలా చెన్నై నుంచి ఒకే దేశానికి, అయిదారు రోజులకు ప్రణాళిక వేసుకోండి. అందులోనూ కనీసం 40,000 ఖర్చు చేయకుండా ఉంచుకోండి. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఒక్క రోజు కురిసిన వానకు విమానాలు ఆగి వేలమంది చిక్కుకున్నారు. పిల్లలతో పరాయి ఊళ్లో రెండు రాత్రులు అదనంగా ఉండాల్సి వస్తే కార్డు గీకే పరిస్థితి రాకూడదు.

ప్రయాణ బీమా తప్పక తీసుకోండి, బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. అక్కడి ఖర్చులకు ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీని ముందే నింపుకునే కార్డు) సరిపోతుంది. పిల్లల పాస్‌పోర్టులు సాధారణంగా అయిదేళ్లకే గడువు తీరతాయి, ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలి ఉండాలి.

అడ్వాన్సు విషయం. రద్దు నిబంధనలు రాతపూర్వకంగా ఇవ్వమని ఏజెంటును ఈ వారంలోనే అడగండి, ఎంత తిరిగివస్తే అంత తీసుకోండి. ఏమీ రాకపోతే ఆ 10,000 వదులుకోండి. దాన్ని దక్కించుకోవడానికి 2.60 లక్షల అప్పు నెత్తిన వేసుకోకండి.