సిలిండర్ ముందు అరగంట

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మురుగునీటి ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చిందని మొన్న ఫోన్‌లో మొహమాటపడుతూ చెప్పావు. మొహమాటం దేనికిరా? మహానగరం వదిలేసిన నీళ్లకీ, కింద నదిలో బతికే చేపకీ మధ్య ఉండేది ఇకపై నువ్వే. ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

జాలీల దగ్గర గుడ్డలు తీయించడం, ఇసుక దింపడం, ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. అసలు పని ఏరేషన్ ట్యాంకులో, అంటే మురుగులోకి గాలి కొట్టే తొట్టిలో. అక్కడ మురుగును తినేది సూక్ష్మజీవులు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు, అడుగున పేరుకున్న, ఆ సూక్ష్మజీవులుండే బురదను పారబోయకుండా దాని మీదే కొత్త మురుగు పోసి మళ్లీ గాలి కొట్టారు. ఇప్పటికీ మనం చేసేది అదే. అంటే నీది పాడి చూసుకునే పనిలాంటిది: మేత, గాలి, మంద.

ఆ మంద ఇక్కడ తినకుండా వదిలింది నదిలోని సూక్ష్మజీవులు తింటాయి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేసి మరీ. అది బాగా పడిపోయేది మన పైపు దగ్గర కాదు, ఇంకా కిందికి వెళ్లాక. కాబట్టి పైపు దగ్గర నిలబడి ‘తేటగానే ఉన్నాయిలే’ అనుకోకు.

రోజూ ఒకే టైముకి లీటరు సిలిండర్‌లో ఏరేషన్ ట్యాంకు నీళ్లు నింపి 30 నిమిషాలు కదపకుండా పెట్టు. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ జేబులోనే ఉండాలి. మంద బాగుంటే గోధుమరంగు బురద విరిగిన పాలలా ముక్కలు కట్టి దిగుతుంది, పైన తేట మిగులుతుంది. ఎంతకీ దిగకపోతే దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందేమో చూడు. అరగంట అవగానే పారబోయకు, ఇంకో గంటో రెండు గంటలో ఉంచు. దిగిన బురద ముద్దగా పైకి లేచిందా, అది నైట్రోజన్ బుడగల పని. క్లారిఫయర్‌లో, అంటే ఏరేషన్ తర్వాత బురద అడుగుకు దిగే తొట్టిలో కూడా, అది ఎక్కువసేపు నిలిస్తే అలాగే తేలుతుంది.

ఏరేషన్ ట్యాంకు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలంటారు. మీటరు చూపిస్తుంది కానీ, సెన్సర్‌కి జిగురు పడితే అదీ అబద్ధమే చెప్తుంది. తుడిచాకే నమ్ము.

వాన సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కొత్తలో ఒక రాత్రి కుంభవృష్టి. సంప్ పొంగుతుందేమోనని టెన్షన్‌లో పంపులన్నీ ఆన్ చేసేశాను. తెల్లారేసరికి క్లారిఫయర్ అంచుల మీదుగా గోధుమరంగు నీళ్లు దూకుతున్నాయి. మా మందలో చాలా భాగం నదిపాలైంది. మురుగు తినేవి కొద్ది రోజుల్లో తేరుకున్నాయి. అమోనియాను నైట్రేట్‌గా మార్చేవి మాత్రం నింపాదిగా పెరిగే జీవులు, వాటికి వారాలు పట్టింది. అన్నాళ్లూ చూడ్డానికి తేటగా ఉన్న నీళ్లలోనే అమోనియా పోయింది. చేపలకి అది విషం. లాగ్‌బుక్‌లో నేను రాసింది మాత్రం ‘భారీ వర్షం’ అని రెండు ముక్కలు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నువ్వు మబ్బు పట్టగానే క్లారిఫయర్‌లో బురద ఎంత ఎత్తున ఉందో కొలుచుకో. మురుగును ఏరేషన్ ట్యాంకు చివరి భాగంలోకి మళ్లించే గేటు ఉంటే వానప్పుడు అదే కాపాడుతుంది, మంద ట్యాంకు ముందు భాగంలో భద్రంగా ఉంటుంది. ఆ గేటు తుప్పు పట్టే ఉంటుంది, ఎండ కాసే రోజుల్లోనే తిప్పి చూసుకో.

చివర్లో క్లోరిన్ ‘కాస్త ఎక్కువేస్తే పోయేదేముంది’ అనేవాళ్లుంటారు. పోయేవి చేపలు. మిగిలిన క్లోరిన్‌ను విరిచాకే వదలాలి.

గుంతల్లోకి గ్యాస్ కొలవకుండా, ఒంటరిగా ఎప్పుడూ దిగకు. కుళ్లిన గుడ్డు వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు, ముక్కు మొద్దుబారి ఉండొచ్చు. ఈ ఒక్క విషయంలో పై ఆఫీసరు చెప్పినా వినకు.

మొదటి వారం సిలిండర్ ఫోటోలు పంపు. బురద రంగు చూసి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య