సోవియట్ పతకాల సెట్: అన్నీ ఒకే మనిషివని ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: విదేశీ వేలంలో ఒక సెట్ కనిపించింది. అందులో రెడ్ స్టార్ ఆర్డర్ (ఆర్డర్ అంటే పతకం కన్నా పై స్థాయి పురస్కారం), ధైర్య పతకం, ‘జర్మనీపై విజయం’ పతకం, 1985 నాటి దేశభక్తి యుద్ధ ఆర్డర్ (రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీతో పోరును సోవియట్‌లో అలా పిలిచేవారు), ‘శ్రమ వెటరన్’ పతకం, మూడు జూబిలీ (వార్షికోత్సవ) పతకాలు, ఒక ఆర్డర్ బుక్కు (పొందిన పురస్కారాలు నమోదు చేసే చిన్న పుస్తకం) ఉన్నాయి. అన్నీ ఒకరివేనా, ఆ మనిషి గురించి తెలుసుకోవచ్చా, అడిగిన ధర పెట్టొచ్చా?

ముందు ఆర్డర్ బుక్కు చూడండి, లోహం సంగతి తర్వాత. మన దగ్గర దొరికే బ్రిటిష్ కాలపు పతకాలకు అంచు మీద సిపాయి పేరు, నంబరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. సోవియట్ పతకాల మీద పేరు ఉండదు. ఆర్డర్ల వెనక వరస నంబరు మాత్రం ఉంటుంది. ఆ నంబరును ఫలానా మనిషికి ముడివేసేది కాగితమే. కాగితం లేని రెడ్ స్టార్ చక్కటి వస్తువే గానీ, దాని యజమానిని పట్టుకోవాలంటే రష్యన్ ఆర్కైవ్‌లో ఉన్న రికార్డు కార్డు దాకా వెళ్లాలి.

ఆర్డర్ బుక్కులో ఫొటో, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు ఉంటాయి. కింద వరసల్లో ఒక్కో పురస్కారం పేరు, దాని ఎదురుగా వరస నంబరు. మీ సెట్లో ఈ పట్టికలోకి ఎక్కేవి మూడే: రెడ్ స్టార్, ధైర్య పతకం, దేశభక్తి యుద్ధ ఆర్డర్. చివరిదానికి 1985లో విడిగా చిన్న బుక్కు కూడా ఇచ్చారు కాబట్టి అది ఈ పట్టికలో లేకపోతే కంగారుపడక్కర్లేదు, ఆ రెండో బుక్కు ఎక్కడుందో అడగండి. విజయ పతకం, జూబిలీ పతకాలు, శ్రమ వెటరన్ పతకం వీటి మీద నంబరు ఉండదు. వీటికి విడివిడిగా ధ్రువపత్రాలుంటాయి. ఆ పత్రం మీది పేరు ఆర్డర్ బుక్కు పేరుతో అక్షరం తప్పకుండా కలిస్తే ఆ పురస్కారం అతనికి వచ్చిందని అర్థం. అయితే సెట్లో ఉన్న పతకమే అతని చేతికిచ్చిన పతకమని ఎవరూ రుజువు చెయ్యలేరు. విజయ పతకం ఒక్కటే సుమారు కోటిన్నర మందికి ఇచ్చారు, ఒకటి పోతే ఇంకొకటి పెట్టడం చాలా తేలిక. అందుకే నేను ధర కట్టేటప్పుడు నంబరున్న వాటినే లెక్కలోకి తీసుకుంటాను.

బుక్కు అసలుదా నకిలీదా చూడటానికి సులువైన పరీక్ష ఒకటుంది. లోపల సుప్రీం సోవియట్ (సోవియట్ పార్లమెంటు) ప్రెసీడియం, అంటే దాని శాశ్వత మండలి, కార్యదర్శి సంతకం అచ్చువేసి ఉంటుంది. 1938 నుంచి 1953 దాకా ఆ పదవిలో గోర్కిన్, ఆ తర్వాత పేగొవ్, 1956లో మళ్లీ గోర్కిన్, 1957 నుంచి 1982 దాకా గియొర్గాద్జె, ఆపైన మెంతెషష్విలి ఉన్నారు. 1946లో ఇచ్చినట్టు తేదీ ఉన్న బుక్కులో గియొర్గాద్జె సంతకం ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, అది నకిలీ. తర్వాత ఫొటో మీది గుండ్రటి ముద్ర చూడండి. ముద్రలో సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడి, గీతలు తెగకుండా కొనసాగాలి. అంచు దగ్గర జరిగినట్టు కనిపిస్తే ఫొటో మార్చారన్నమాట. పట్టికలో వరసకో సిరా, వరసకో చేతిరాత ఉంటే అది మంచిదే, ఎందుకంటే పురస్కారాలు వేర్వేరు ఏళ్లలో వచ్చాయి. అన్నీ ఒకే చేతిరాతలో ఉంటే పాత కాగితాల బదులు యుద్ధం తర్వాత కొత్త బుక్కు ఇచ్చి ఉండొచ్చు, అదీ మామూలే. నమ్మకూడనిది వేరే రకం: నాలుగు వరసలు ఒకేలా వెలిసిపోయి, ఖరీదైన ఆర్డర్ ఉన్న ఐదో వరస మాత్రం ముదురు సిరాలో ఉండటం. అతినీలలోహిత టార్చి కింద పెడితే చెరిపిన చోట కాగితం వేరే రంగులో మెరుస్తుంది.

బుక్కుతో పాటు డబ్బు కూపన్లు కనిపించొచ్చు. రెడ్ స్టార్‌కు నెలకు 15 రూబుళ్లు, ధైర్య పతకానికి 10 రూబుళ్లు ఇచ్చేవారు. 1948 జనవరి 1 నుంచి ఆ చెల్లింపు ఆపేశారు. అందుకే కొన్ని కూపన్లు చించి, మిగతావి అలాగే ఉన్న బుక్కులు చాలా దొరుకుతాయి. దాన్ని లోపం కింద లెక్కెయ్యకండి.

ఇక లోహం. కావలసిన సామాను మూడే: నగల పనివాళ్లు వాడే 10 రెట్ల భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపే డిజిటల్ త్రాసు, అదే అతినీలలోహిత టార్చి. రెడ్ స్టార్ వెండిది, మీద ఎర్ర ఎనామిల్. నిబంధనల ప్రకారం బరువు 33 గ్రాముల పైచిలుకు, ఇంచుమించు గ్రామున్నర అటూ ఇటూ ఉండొచ్చు. తూచేముందు వెనక నట్టు విప్పండి. మింట్ (టంకశాల) ముద్ర, నంబరు వెనకవైపే ఉంటాయి, నంబరు చెక్కింది.

ఈ సరుకులో జరిగే పెద్ద మోసం నకిలీ ఆర్డర్ కాదు, నంబరు మార్చిన అసలు ఆర్డర్. మంచి బుక్కు ఉండి ఆర్డర్ పోయినప్పుడు, చవగ్గా దొరికిన మరో రెడ్ స్టార్ నంబరు అరగదీసి బుక్కులోని నంబరు చెక్కుతారు. పట్టుకోవాలంటే వెలుగు పక్కనుంచి, దాదాపు అడ్డంగా పడేలా పెట్టి చూడండి. అరగదీసిన చోట చిన్న గుంట కనిపిస్తుంది, మింట్ ముద్ర పక్కన పలచబడుతుంది, చుట్టూ ఉన్న పాత నలుపు నంబరు కింద మాత్రం ఉండదు. ఇంకో పరీక్ష కూడా చెయ్యాలి. వెనకవైపు అచ్చు, ముద్ర అక్షరాలు కాలాన్ని బట్టి మారాయి. మీ నంబరుకు అటూ ఇటూ కొద్ది వేల తేడాలో ఉన్న ఆర్డర్ల ఫొటోలు నాలుగైదు పక్కన పెట్టుకోండి. అంకెల వాలు, లోతు, ముద్ర ఉన్న చోటు వాటితో కలవాలి. నంబరు పక్కన రష్యన్ ‘ద’ అక్షరం గానీ, నకలు అన్న మాట గానీ ఉంటే అది పోగొట్టుకున్నదాని బదులు అధికారికంగా ఇచ్చిన ప్రతి, మోసం కాదు.

ఎనామిల్ మరమ్మతు ఎక్కువగా నక్షత్రం కొనల దగ్గర ఉంటుంది. అసలు ఎనామిల్ గాజు, విరిగితే గాజు పెచ్చులాగే పదునుగా విరుగుతుంది. రెజిన్‌తో పూడ్చినది అతినీలలోహిత వెలుగులో వేరే రంగు చూపుతుంది. నట్టు వేరేదైతే పట్టించుకోకండి, చాలా ఆర్డర్లకు నట్లు మారిపోయాయి. మీరు బిగించేటప్పుడు మాత్రం వేలితో ఆగినంత వరకే తిప్పండి. అతిగా బిగిస్తే కొనలు వంగి ఎనామిల్ పగులుతుంది, చాలా నక్షత్రాలు పాడైంది ఇలాగే.

ధైర్య పతకం 37 మిల్లీమీటర్ల వెండి బిళ్ల. 1947 ప్రాంతం దాకా దాని వెనక నంబరు చెక్కారు, తర్వాత మానేశారు. కాబట్టి బుక్కులో 1943 నాటి నంబరుండి పతకం వెనక ఏమీ లేకపోతే పతకం మార్చేశారు. దాని వేలాడే పట్టీ కూడా చూడండి. 1943 జూన్‌లో ఐదు మూలల పట్టీ, కొత్త రిబ్బన్లు వచ్చాయి, అంతకుముందు చిన్న దీర్ఘచతురస్రపు పట్టీకి ఎర్ర రిబ్బను ఉండేది. పాత పతకానికి కొత్త పట్టీ ఉండటం మామూలే, సైన్యమే మార్చింది.

మీ సెట్లో అందరూ వదిలేసేది, నన్నడిగితే తప్పక చూడాల్సింది, జూబిలీ పతకాల వెనకవైపు. 1975లో, 1985లో ఇచ్చిన విజయ వార్షికోత్సవ పతకాలు రెండు రకాలు: ఒకదాని వెనక ‘యుద్ధంలో పాల్గొన్నవారికి’, రెండోదాని వెనక ‘శ్రమ రంగంలో పాల్గొన్నవారికి’ అని రష్యన్‌లో ఉంటుంది. రెడ్ స్టార్, ధైర్య పతకం పొందిన సైనికుడి సెట్లో రెండో రకం ఉందంటే, అమ్మేవాడు రొమ్ము నిండుగా కనబడాలని కలిపాడు. ఇంకో చోటా ఇదే కలగలుపు జరుగుతుంది. 1945లోనే ఇచ్చిన ‘యుద్ధకాలంలో ఘనమైన శ్రమకు’ పతకం మీద, విజయ పతకం మీద ఒకే స్టాలిన్ బొమ్మ, ఒకే రాత ఉంటాయి. శ్రమ పతకం రాగిది, విజయ పతకం ఇత్తడిది. రిబ్బను మార్చేస్తే ఫొటోలో తేడా తెలియదు, వెనకవైపు ఫొటో అడగాలి.

శ్రమ వెటరన్ పతకం 1974లో పెట్టారు, సుదీర్ఘ కాలం పనిచేసినవాళ్లకిచ్చింది. ఇది సైనికుడి సెట్లో ఉండటం సహజమే: యుద్ధం అయ్యాక ఫ్యాక్టరీకో వ్యవసాయక్షేత్రానికో వెళ్లాడని అర్థం. సైన్యంలోనే ఉండిపోయినవాడికైతే 10, 15, 20 ఏళ్లకు ‘మచ్చలేని సేవ’ పతకాలు వచ్చేవి. అవి మీ సెట్లో లేవు కాబట్టి ఈ కథ పొందికగా ఉంది. అతని కార్మిక పుస్తకం కూడా దొరుకుతుందేమో అడగండి. అందులో ఏ ఫ్యాక్టరీలో ఏ తేదీ నుంచి ఏ పని చేశాడో వరసగా రాసి, పురస్కారాలకు విడిగా పేజీలు ఉంటాయి. శ్రమ పురస్కారాలకు యుద్ధ పురస్కారాల్లా వీరగాథ రాసిన పత్రాలు ఇంటర్నెట్‌లో దొరకవు, అందుకే సంగ్రాహకులు వాటిని చిన్నచూపు చూస్తారు. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. శ్రమ ఎర్ర పతాకం, గౌరవ చిహ్నం ఆర్డర్లు కార్మిక పుస్తకంతో కలిసి దొరికితే ఒక మనిషి ముప్ఫై ఏళ్ల జీవితం తేదీలతో సహా చేతికి వస్తుంది. వాటి ఉత్తర్వులు మాస్కోలోని రష్యన్ ఫెడరేషన్ ప్రభుత్వ ఆర్కైవ్‌లో వెతకాలి, సైనిక పురస్కారాలవి పొదోల్స్క్‌లోని రక్షణ శాఖ కేంద్ర ఆర్కైవ్‌లో.

సైనికుడి గురించి వెతకడానికి ‘పామ్యత్ నరోదా’ అనే రష్యన్ యుద్ధ రికార్డుల సైటు ఉచితం. పేర్లు రష్యన్ లిపిలోనే కొట్టాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం ఇవ్వండి. ఇవనొవ్ ఇవాన్ ఇవనొవిచ్ లాంటి పేరైతే వందల మంది వస్తారు. అప్పుడు సైన్యంలోకి పిలిచిన ఊరి కార్యాలయం, హోదా చూసి వడపోయాలి. ఫలితంలో కనిపించే ‘రికార్డు నంబరు’ ఆ డేటాబేస్‌ది, పతకం వెనకది కాదు. దాన్ని వరస నంబరనుకుని మంచి సెట్లను వదిలేసుకునేవాళ్లు చాలామంది. అసలు వెలకట్టలేనిది సిఫార్సు పత్రం: ఏ దళం, ఎప్పుడు గాయపడ్డాడు, ఏ రోజు ఎక్కడ ఏం చేశాడు, కమాండర్ ఏ పురస్కారానికి సిఫార్సు చేశాడు, చివరికి ఏది ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. 1942 నవంబరు నుంచి రెజిమెంటు కమాండరే ధైర్య పతకం, డివిజన్ కమాండరే రెడ్ స్టార్ ఇవ్వగలిగారు కాబట్టి కేంద్ర ఉత్తర్వుల్లో కనిపించకపోతే డివిజన్ ఉత్తర్వుల్లో చూడండి.

రెడ్ స్టార్ తేదీ తప్పక గమనించండి. 1944 జూన్ 4 ఉత్తర్వు తర్వాత సర్వీసు ఏళ్లకు కూడా ఆర్డర్లు ఇచ్చారు: 10 ఏళ్లకు యుద్ధ సేవల పతకం, 15కి రెడ్ స్టార్, 20కి ఎర్ర పతాకం, 25కి లెనిన్ ఆర్డర్. ఇది 1950ల చివరిదాకా సాగింది. 1951 తేదీతో ఉన్న రెడ్ స్టార్‌కు సాధారణంగా వీరగాథ దొరకదు, ధర కూడా ఆ మేరకే ఉండాలి. 1985 ఆర్డర్ అయితే బతికున్న యోధులందరికీ లక్షల సంఖ్యలో ఇచ్చినది. యుద్ధకాలపు మొదటి తరగతి దేశభక్తి ఆర్డర్లో బంగారం ఉంటుంది, 1985 నాటి మొదటి తరగతి వెండికి బంగారు పూత మాత్రమే. అమ్మేవాడు ‘మొదటి తరగతి’ అనగానే బంగారం ధర ఇవ్వకండి.

రష్యాలో చదువుకుంటున్న మన పిల్లలతో కొనిపించి తెప్పించుకోవాలని మాత్రం చూడకండి. అక్కడి క్రిమినల్ కోడ్ 324వ అధికరణం ప్రకారం సోవియట్ ప్రభుత్వ పురస్కారాలు, వాటి పత్రాలు అక్రమంగా కొనడం, అమ్మడం నేరం. విమానాశ్రయంలో పట్టుబడితే చదువుకే ఎసరు. సంతలో దొరికే పిన్ను బ్యాడ్జీలు వేరే సంగతి.

ఇప్పుడు అమ్మేవాడికి రాయండి. నట్టు విప్పిన రెడ్ స్టార్ వెనకవైపు రెండు ఫొటోలు, ఒకటి నేరుగా, ఒకటి పక్క వెలుగులో. ధైర్య పతకం వెనక. మూడు జూబిలీల వెనక. ఆర్డర్ బుక్కులో ఖాళీ పేజీలతో సహా ప్రతి పేజీ. 1985 బుక్కు, ధ్రువపత్రాలు ఎన్ని ఉంటే అన్ని. నట్టు రాదని, పేజీలు తియ్యడం కుదరదని చెబితే వదిలెయ్యండి. రెడ్ స్టార్, ధైర్య పతకం రెండు నంబర్లూ బుక్కుతో కలిస్తే ఆ రెండిటికీ, బుక్కుకూ న్యాయమైన ధర ఇవ్వండి, మిగతా వాటికి విడిగా దొరికే మామూలు ధర కన్నా పైసా ఎక్కువ పెట్టకండి.