చిన్నపిల్లల్ని ప్రీస్కూల్‌లో వేయాలా, డే కేర్‌లో వేయాలా?

అమ్మానాన్నా ఇద్దరూ పనికెళ్తూ రోజంతా బిడ్డని చూసుకునేవాళ్ళు కావాలంటే డే కేర్, ఇంట్లో మనిషి ఉండి బిడ్డకి మూడేళ్ళు దగ్గరపడుతుంటే ప్రీస్కూల్ సరిపోతుంది. ఎందుకంటే డే కేర్‌లో నెలల పిల్లల్ని కూడా తీసుకుంటారు, పాలు పట్టడం, డైపర్ మార్చడం, నిద్రపుచ్చడం అన్నీ వాళ్ళే చూసి సాయంత్రం దాకా ఉంచుకుంటారు, ప్రీస్కూల్ మాత్రం మామూలుగా రెండున్నర మూడేళ్ళ నుంచి, అదీ చాలా చోట్ల రోజుకి మూడు నాలుగు గంటలే, పైగా సెలవులు కూడా ఎక్కువ.

ఉదాహరణకి రెండేళ్ళ పాప ఉంది, ఇద్దరూ ఆరింటికి గానీ ఇల్లు చేరరు అనుకోండి, ప్రీస్కూల్ పన్నెండుకే వదిలేస్తే మిగతా పూటంతా ఎవరు చూస్తారు? అక్కడ డే కేరే కరెక్ట్.

చాలామంది డే కేర్ అంటే ఊరికే కాపలా, నేర్చుకోవడమంతా ప్రీస్కూల్‌లోనే అనుకుంటారు, అది తప్పండి. ఈ వయసులో పిల్లలు ఆటల్లో, మాటల్లోనే నేర్చుకుంటారు, చెంచాతో తనే తింటున్న పిల్లాడి పక్కన కూర్చుని "వేడిగా ఉందా, ఇంకొంచెం కావాలా" అని మాట్లాడే ఆయా ఉంటే అదీ చదువే. బోర్డు మీద పేరు కన్నా ఒక్కో మనిషి ఎంతమంది పిల్లల్ని చూస్తున్నారు, వాళ్ళతో ఎలా మాట్లాడుతున్నారు, స్టాఫ్ ఊరికే మారిపోతున్నారా అన్నది వెళ్ళి చూసుకోండి.