పదిహేను లక్షలకు తొమ్మిది నెలల మౌనం: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఒక టీవీ ఛానల్లో మూడేళ్ల కాంట్రాక్టు మీద షో చేస్తున్నాను, నెలకు 90 వేలు. ఇంకా 14 నెలల గడువుండగానే జనవరితో షో ఆపేశారు. సెటిల్‌మెంట్ కింద మార్చిలో 15 లక్షలు ఇస్తారట, అక్టోబర్ దాకా నేను ఏ తెర మీదా కనిపించకూడదట. అమెరికాలో టీవీ షో హోస్టు కోనన్ ఒబ్రయన్‌ను పంపించడానికి ఎన్‌బీసీ ఛానల్ 4.5 కోట్ల డాలర్లు ఇచ్చిందంటారు కదా, నేనూ గట్టిగా అడగొచ్చా? 12 లక్షలతో కడపలో సైటు కొని, మిగిలింది 3 లక్షల బంగారు లోనుకు కట్టేద్దామనుకుంటున్నా. ఇంటి ఖర్చు నెలకు 55 వేలు.

జవాబు: అడగడానికి ముందు మీ అగ్రిమెంట్లో రద్దు క్లాజు చూడండి. మీరు పంపిన కాపీలో 60 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని ఉంది. అంటే మిగిలిన 14 నెలల డబ్బు మీ హక్కేం కాదు, హక్కుగా వచ్చేది 1.8 లక్షలే. మిగతా 13.2 లక్షలు మీ మౌనానికి ధర. బేరం అక్కడ ఆడండి.

కోనన్ సంగతీ అంతే. 2010 నాటి ఆ ఒప్పందంలో దాదాపు 1.2 కోట్ల డాలర్లు ఆయన సిబ్బందికి పోయాయి. సెప్టెంబర్ దాకా టీవీలో కనిపించకూడదన్నారు గానీ స్టేజీ మూసేయలేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊరూరా షోలు చేసుకున్నాడు. మీ సెటిల్‌మెంట్ లెటర్లో మాత్రం 'ఏ వేదికపైనా' అని ఉంది. ఆ మాట కొట్టేయించండి. నగల షాపు ఓపెనింగులు, కాలేజీ ఫెస్టులు, పెళ్లి సంగీత్‌లు షరతు బయట ఉంటాయని విడిగా రాయించండి. నాకైతే ఇంకో లక్ష అడగడం కంటే ఈ ఒక్క వాక్యమే ముఖ్యం.

ఇక పన్ను. మీకు 194జె సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్ (ఫీజు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను) కోస్తున్నారు కాబట్టి మీరు ఉద్యోగి కాదు, ప్రొఫెషనల్. పోటీకి రానన్నందుకు ఇచ్చే డబ్బు కూడా వ్యాపార ఆదాయమే. ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది నెలల ఫీజు 9 లక్షలు, దానికి ఈ 15 కలిస్తే 24 లక్షలు. 2025-26 కొత్త విధానంలో, ఖర్చులేవీ చూపకపోతే, సెస్సుతో కలిపి పన్ను 3,12,000. టీడీఎస్ 2.4 లక్షలు పోగా ఇంకో 72 వేలు మార్చి 15లోపు అడ్వాన్స్ టాక్స్‌గా కట్టాలి. అప్పుడు 15 లక్షల్లో చేతిలో మిగిలేది 12.78. సైటుకు 12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 90 వేలు. రిజిస్ట్రారాఫీసు మెట్ల దగ్గరే 12 వేలు తక్కువ పడతాయి. బంగారం తాకట్టులోనే, పొయ్యి మీదికి ఏమీ లేదు.

అదే మార్చిలో 3 లక్షలు, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో నాలుగేసి లక్షలు తీసుకుంటే ఈ ఏడాది ఆదాయం 12 లక్షల దగ్గర ఆగుతుంది, రిబేటుతో పన్ను సున్నా. కోసిన 1.2 లక్షలు రిటర్న్ వేశాక వెనక్కొస్తాయి. వచ్చే ఆర్థిక సంవత్సరంలో ఆ 12 లక్షలకు తోడు నవంబర్ నుంచి మళ్లీ నెలకు 90 వేలు సంపాదించినా, అవే స్లాబులు వేసుకుంటే పన్ను 1,35,200. రెండేళ్లకూ కలిపి పన్నులో మిగిలేది 1,76,800.

ఇందులో ఒక మెలిక ఉంది. చేతికి రాకపోయినా 'రావలసిన' డబ్బు మీదా పన్ను పడుతుంది. 15 లక్షలు సంతకం రోజే ఖరారై, చెల్లింపు మాత్రమే వాయిదాల్లో అని లెటర్ ఉంటే ఈ లెక్క నిలవదు. ప్రతి వాయిదా ఫలానా నెలల మౌనానికి అని, ఆ నెలలు గడిచాకే హక్కు పుడుతుందని రాయించాలి. డ్రాఫ్టు మీ ఆడిటర్ చూశాకే సంతకం. వచ్చినదాంట్లో సగమే లాభంగా చూపించి పన్ను కట్టే 44ఏడీఏ సెక్షన్ మీద ఆశ పెట్టుకోకండి. ఆ జాబితాలో సినిమా కళాకారులున్నారు, టీవీ యాంకర్లు విడిగా లేరు.

జీఎస్టీకి కూడా వాయిదాలే మేలు. ఒక ఏడాదిలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, పోటీకి రాననే ఒప్పందానికి 18 శాతం పడుతుంది. 15 లక్షల మీద అది 2.7 లక్షలు. 'జీఎస్టీ అదనం' అని లెటర్లో లేకపోతే మీ జేబులోంచే పోతుంది. ఛానల్‌కు అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా (వాళ్లు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) తిరిగొస్తుంది కాబట్టి అడిగితే పెద్దగా కాదనరు.

వాయిదాలన్నాక ఛానల్ ఎగ్గొడితే? పోస్ట్‌డేటెడ్ చెక్కులు తీసుకోండి. బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, వాళ్లకు 15 రోజుల గడువుంటుంది. దాంతోపాటు 'వాయిదా 15 రోజులు దాటితే మౌనం షరతు రద్దు' అన్న క్లాజు పెట్టించండి. చెక్కు కంటే దానికే భయపడతారు.

టీడీఎస్ పోను చేతికొచ్చేది 13.5 లక్షలు. ఏడాది ఇంటి ఖర్చు 6.6. మౌనం తొమ్మిది నెలలే అయినా మర్నాడే షో దొరకదు, అందుకే పన్నెండు నెలలు వేశాను. మార్చిలో వచ్చే 2.7 లక్షలు ఇంటికే ఉంచి, బంగారు లోను ఏప్రిల్ వాయిదాలో తీర్చండి. అన్నీ పోను 3.9 లక్షలు మిగులుతాయి, రిఫండ్ దానికి అదనం. కొత్త కాంట్రాక్టు చేతికొచ్చేదాకా అది ఫిక్స్‌డ్ డిపాజిట్లోనే ఉండాలి. సైటుకు ఇప్పుడు అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఈలోగా ఆ లేఅవుట్‌కు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ అనుమతి ఉందో లేదో కనుక్కోండి, ఈసీ (ఆ స్థలం మీద అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయించి చూడండి.