ఏ సామెత ఎవరికి?

ప్రశ్న: ఆలస్యం అమృతం విషం అంటారు, నిదానమే ప్రధానం అని కూడా అంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అని నిరుత్సాహపరుస్తారు, ధైర్యం చేసి మొదలుపెడితే ఆరంభశూరత్వమని ఎత్తిపొడుస్తారు. ఉద్యోగ విరమణ తరువాత నా జ్ఞాపకాలను కంప్యూటరులో నేనే టైపు చేసుకోవాలని అనుకుంటున్నాను. ఒకదానితో ఒకటి పొసగని ఈ సామెతలలో దేనిని నమ్మి పని ప్రారంభించాలి? – ఒక పాఠకురాలు

జవాబు: సామెతలను ఒకచోట పేర్చి చదివితే మీకు కలిగిన సందేహం ఎవరికైనా కలుగుతుంది. కెప్టెన్ కార్ 1868లో ప్రచురించిన తెలుగు సామెతల సంకలనం వంటిది తిరగేసినా ఇదే అనుభవం ఎదురవుతుంది. అయితే సామెత పుట్టింది పుస్తకంలో చదవడానికి కాదు, ఒక మనిషి మరొక మనిషి పరిస్థితిని చూసి అనడానికి. రేపు మాపు అని వాయిదా వేసేవారిని చూసి పెద్దలు మొదటి మాట అన్నారు, తొందరపడి పని చెడగొట్టుకునేవారిని చూసి రెండవ మాట అన్నారు. ఒకే మనిషికి ఒకే విషయంలో రెండూ చెప్పినవారు లేరు.

మీ విషయంలో ఆ రెండూ నిజమే, ఎందుకంటే మీరు తలపెట్టినవి రెండు పనులు. జ్ఞాపకాలు రాయడం ఒకటి, టైపింగ్ నేర్చుకోవడం మరొకటి. పేర్లు, తేదీలు, ఎవరు ఏమన్నారన్న వివరాలు రోజురోజుకూ చెదిరిపోయేవి కనుక మొదటి పనికి ఆలస్యం నిజంగా విషమే. టైపింగ్ దగ్గర మాత్రం నిదానం అవసరం. మీటలను చూస్తూ రెండు వేళ్లతో కొట్టడం అలవాటైతే, తరువాత పది వేళ్లకు మారేటప్పుడు వచ్చిన వేగం కూడా కొన్నాళ్లు పడిపోతుంది, ఆ విసుగులోనే చాలామంది పాత పద్ధతికి తిరిగిపోతారు.

కీబోర్డు మధ్య వరుసలో ఎఫ్, జె మీటలపై చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చూపుడువేళ్లను వాటిపై ఆనించి మొదలుపెట్టండి. భారతీయ భాషల టైపింగ్ కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. కుడి చూపుడువేలి కింద ర, మధ్యవేలి కింద క, ఉంగరపు వేలి కింద త వస్తాయి. చూడకుండా ఈ మూడింటినీ వేళ్లు గుర్తుపట్టిన తరువాతే తక్కిన అక్షరాలకు వెళ్లండి. ఆరంభం సగం పనితో సమానమన్న గ్రీకు లోకోక్తిని ప్రస్తావిస్తూ అరిస్టాటిల్, మొదట్లో జరిగిన చిన్న తప్పు తక్కిన భాగాలలోని తప్పులన్నింటితో సరితూగుతుందని అన్నాడు. వేళ్ల అమరిక విషయంలో ఇది అక్షరాలా నిజం.

మొక్కై వంగనిది అన్న సామెతను మీకు మీరు అన్వయించుకోకండి. అది పిల్లలను పెంచేవారికి చెప్పిన మాట, వయసు మళ్లినవారిని చదువుకు దూరం చేయడానికి చెప్పినది కాదు. ఆరంభశూరత్వమన్న నింద మాత్రం మనసులో పెట్టుకోవలసినదే. విఘ్నాలకు వెరచి అసలు మొదలుపెట్టనివారిని, మొదలుపెట్టి మధ్యలో మానేసేవారిని, ఎన్ని అడ్డంకులు వచ్చినా విడువనివారిని భర్తృహరి వేరువేరుగా చూపించాడు. మధ్యలో మానేసేవారు సాధారణంగా మొదటి రోజే మోయలేనంత భారం ఎత్తుకున్నవారు. కనుక టైపింగ్ సాధనకు రోజూ పావుగంట చాలు. అది వచ్చేదాకా జ్ఞాపకాలను ఆపకండి, ఒక నోటుపుస్తకంలో కలంతోనే ఈ రోజు నుంచి రాస్తూ ఉండండి. వేళ్లు కుదిరాక మీరు టైపు చేసుకోవడానికి ఆ పేజీలు సిద్ధంగా ఉంటాయి.