ఎక్కాలు వచ్చు, తీసివేతలు రావు

ప్రశ్న: మావాడు మూడో తరగతి. ఇరవయ్యో ఎక్కం దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్తాడు, కానీ 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ట్యూషన్ పెట్టించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ 35 ఎలా వచ్చిందో చూడండి. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు, 5లోంచి 2 తీసి 3 వేశాడు. అంటే వాడికి 52 అనేది ఒక సంఖ్యలా కాదు, పక్కపక్కన కూర్చున్న రెండు అంకెల్లా కనిపిస్తోంది. ఇది ఒక్క మీవాడి సంగతే కాదు, చాలామంది పిల్లలు చేసే తప్పే.

మనం కూడా ‘పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అని నేర్పేస్తాం. అప్పంటే తిరిగి ఇవ్వాలి కదా, ఇక్కడ ఎవరూ ఇవ్వరు, పైగా తెచ్చింది ఒకటి కాదు, పది! అందుకే నేనైతే ఆ మాటే వాడొద్దంటాను. ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు వాడి చేతికిచ్చి, 27 రూపాయలకు పూలు కొన్నట్టు ఆడండి. చిల్లర చాలదు, ఒక నోటు మార్చి పది బిళ్ళలు తెచ్చుకుంటాడు. ఇప్పుడు పన్నెండు బిళ్ళల్లో ఏడు పోతే ఐదు, నాలుగు నోట్లలో రెండు పోతే రెండు. 25. నాలుగు రోజులు ఇలా చేశాకే పలక పట్టించండి.

అంకెలు తెలుగులో కూడా చెప్పించండి. పదమూడు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది, థర్టీన్‌లో మూడు ముందొస్తుంది, థర్టీకీ దానికీ పిల్లలు తికమక పడేది అందుకే.

ఆలస్యమైపోయిందని కంగారు వద్దు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి అయ్యేసరికి 9999 వరకు సంఖ్యలు చదివి రాయడం, తేలిక గుణకారాలు వస్తే చాలంటోంది, ఇరవయ్యో ఎక్కం అడగడం లేదు.

ఈసారి అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కేటప్పుడు పది మెట్లకో చింతగింజ జేబులో వేయించండి, గాలిగోపురం దాకా చాలు. పది గింజలైతే వంద మెట్లు. పైకెళ్ళాక, మొత్తం 3,550 మెట్లు కదా, అందులో పదులెన్ని అని అడగండి. 5 అన్నాడంటే నోట్ల ఆట ఇంకొన్నాళ్ళు ఆడించాలి. 355 అన్న రోజు నాకు తప్పకుండా ఉత్తరం రాయండి.